ఫోర్‌ట్రాన్ పట్టికలకు చోటు కేటాయింపు: చిక్కులు, పరిష్కారములు

పెండ్లి విందులో ఎన్ని విస్తళ్ళు వేయవలెనో రెండు విధములుగా నిర్ణయింపవచ్చును. వచ్చువారి సంఖ్యను ముందుగా ఊహించి, దానికి మరికొంత కలిపి, విస్తళ్ళన్నియు పరచి ఉంచుట ఒక పద్ధతి. అతిథులు వచ్చి కూర్చొనిన పిమ్మట తలలు లెక్కించి విస్తళ్ళు వేయుట రెండవ పద్ధతి. మొదటి పద్ధతిలో విస్తళ్ళు మిగిలిపోవుటయో, చాలకపోవుటయో జరుగును. రెండవ పద్ధతిలో వృథా లేదు. కాని ప్రతి బంతికిని లెక్క సరిగా ఉండవలెను. లెక్క తప్పినచో విస్తరి లేనిచోట అన్నము పడును.

కంప్యూటరు ప్రోగ్రాములలో సంఖ్యల పట్టికలకు మెమరీలో చోటు కేటాయించుటకును ఈ రెండు పద్ధతులే కలవు. ఈ పట్టికలనే ఆంగ్లములో ‘అర్రే’ అందురు. ప్రోగ్రాము వ్రాయునప్పుడే పట్టిక పరిమాణమును స్థిరపరచుట మొదటిది. ప్రోగ్రాము నడచుచుండగా అవసరమును బట్టి పరిమాణమును నిర్ణయించుట రెండవది. ఈ రెండవ పద్ధతి ఎంతో సౌకర్యమైనది. అయినను అందులో లెక్క తప్పినప్పుడు కలుగు చిక్కులు విచిత్రముగా ఉండును. తప్పు ఒకచోట జరుగును. ప్రోగ్రాము పడిపోవుట మరియొకచోట జరుగును. ఒక్కొక్కప్పుడు అసలు పడిపోకయే తప్పు సమాధానము నిచ్చును. అట్టి చిక్కులు ఎట్లు పుట్టునో, వాటిని ఎట్లు పట్టుకొనవచ్చునో తెలిసికొనుట ఈ వ్యాసపు ఉద్దేశము.

స్థిరమైన పట్టిక నుండి చలించు పట్టికకు

ఐ.బి.ఎమ్. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున 1954లో ప్రారంభమైన కృషి ఫలితముగా ఫోర్‌ట్రాన్ భాష 1957లో ఐ.బి.ఎమ్. 704 యంత్రముపై వాడుకలోనికి వచ్చినది. ‘సూత్రముల అనువాదము’ అను అర్థమిచ్చు ఆంగ్లపదములను కుదించి ఈ పేరు పెట్టిరి. గణితసూత్రమును ఇంచుమించు కాగితముపై వ్రాసినట్లే వ్రాసినచో, దానిని యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చు పనిని కంపైలరు అను ప్రోగ్రాము చేయును.

నాటి 704 యంత్రపు మెమరీలో గరిష్ఠముగా 32,768 గదులు మాత్రమే ఉండెడివి. ఒక్కొక్క గదిలో 36 బిట్లు పట్టును. అనగా నేటి కొలతలో మొత్తము 1,47,456 బైట్లు. అంత ఇరుకైన చోటులో ఏ పట్టిక ఎక్కడ ఉండునో ముందుగానే నిర్ణయించుట సహజమే. ఫోర్‌ట్రాన్ 77 ప్రమాణము వరకు ఇదే పద్ధతి సాగినది. పరిమాణము చాలనప్పుడు ప్రోగ్రాములోని సంఖ్యను దిద్ది, మరల కంపైలు చేసికొనెడివారు.

1991లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన ఫోర్‌ట్రాన్ 90 ఈ బంధమును తెంచినది. పట్టికను ‘అలొకేటబుల్’ అని ప్రకటించినచో దానికి పేరు, రకము, ఎన్ని దిక్కులు గలదో మాత్రమే తెలియును. చోటు ఇంకను లేదు. ‘అలొకేట్’ అను ఆజ్ఞ వచ్చినప్పుడు చోటు లభించును. ‘డీఅలొకేట్’ అను ఆజ్ఞతో ఆ చోటు తిరిగి విడుదలయగును. వాతావరణ నమూనాలు, లాపాక్ వంటి గణిత గ్రంథాలయములు నేటికిని చాల భాగము ఫోర్‌ట్రాన్‌లోనే ఉన్నవి. కావున ఈ మూడు మాటలను సరిగా వాడుట తెలిసి యుండవలెను.

ఒక ఉదాహరణము: దేశపు వర్షపాతము

భారత వాతావరణ శాఖ 1901 నుండి ప్రతి దినపు వర్షపాతమును గళ్ళ రూపమున సిద్ధపరచినది. తూర్పు రేఖాంశము 66.5 డిగ్రీల నుండి 100 డిగ్రీల వరకును, ఉత్తర అక్షాంశము 6.5 డిగ్రీల నుండి 38.5 డిగ్రీల వరకును, పావు డిగ్రీకి ఒక బిందువు చొప్పున తీసికొనినచో అడ్డముగా 135, నిలువుగా 129 బిందువులు వచ్చును. అనగా ఒక దినమునకు 17,415 సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్యకు 4 బైట్లు కావున, ఒక దినమునకు 69,660 బైట్లు. ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్క ఫైలు ఉండును.

ఒక సంవత్సరమునకు 365 దినములైనచో ఫైలు పరిమాణము 2,54,25,900 బైట్లు. ఈ ఒక్క సంవత్సరపు పట్టిక పాత 704 యంత్రపు మెమరీకి 172 రెట్లు. నేటి కంప్యూటరుకు ఇది లెక్కలోనిది కాదు. కాని ఈ చిన్న పట్టికలోనే మొదటి చిక్కు పొంచి ఉన్నది.

మూడువందల అరువదియారవ దినము

ఒక విద్యార్థి 135, 129, 365 అను కొలతలతో పట్టికకు చోటు కేటాయించి, ఒక్కొక్క దినమును చదువు ప్రోగ్రామును వ్రాసెననుకొందము. 1901, 1902, 1903 సంవత్సరములు చక్కగా నడచును. 1904 లీపు సంవత్సరము. ఆ ఫైలులో 366 దినములు ఉన్నవి. దినములు ముగియువరకు చదువుమని ప్రోగ్రాము ఆజ్ఞాపించినచో, చివరి దినపు 17,415 సంఖ్యలు పట్టిక హద్దు దాటి పడును.

అప్పుడు ఏమి జరుగును? ‘హద్దు దాటినావు’ అని యంత్రము తనంత తాను చెప్పదు. ప్రతిసారియు హద్దులను పరీక్షించినచో లెక్కల వేగము తగ్గునను కారణముచే, కోరనిదే కంపైలర్లు ఆ పరీక్షను చేర్చవు. పట్టికకు ప్రక్కనున్న చోటు ఎవరికిని కేటాయింపనిదైనచో, ఆపరేటింగ్ సిస్టము ప్రోగ్రామును అచ్చటనే నిలిపివేయును. ఇది అదృష్టమనియే చెప్పవలెను. ప్రక్కన మరియొక పట్టిక ఉన్నచో దాని విలువలు చెరిగిపోవును. ప్రోగ్రాము ఏమియు ఎరుగనట్లు సాగిపోవును. కేటాయింపుల లెక్కను వ్రాసికొనిన చోటే చెరిగినచో, ఎంతో సేపటికి ‘డీఅలొకేట్’ ఆజ్ఞ వద్ద ప్రోగ్రాము కూలును. విద్యార్థి ఆ ఆజ్ఞనే తిప్పి తిప్పి చూచును. అందులో దోషము లేదు. దోషము వందల పంక్తులకు ముందే జరిగిపోయినది.

దీనికి విరుగుడుగా కొందరు ప్రతి సంవత్సరమునకు 366 దినముల చోటు కేటాయింతురు. అప్పుడు హద్దు దాటుట ఉండదు. కాని మామూలు సంవత్సరములో 366వ దినమున ఏ సంఖ్యలుండును? ‘అలొకేట్’ చోటు నిచ్చునే కాని అందులో సున్నలు నింపదు. క్రొత్తగా లభించిన చోటులో మొదటిసారి సున్నలే కనబడవచ్చును. తరువాత అదే చోటు మరల లభించినప్పుడు పాత లెక్కల మిగులు అందులో ఉండవచ్చును. ఆ సంఖ్యలు వార్షిక మొత్తములో కలియును. ఒక దినపు అత్యధిక వర్షమెంత అని వెదకునప్పుడు అట్టి సంఖ్యయే గరిష్ఠముగా తేలవచ్చును. అత్యధిక వర్షపు లెక్కను బట్టియే కల్వర్టు వెడల్పును, చెరువు అలుగు కొలతను నిర్ణయింతురు. ప్రోగ్రాము కూలిపోయినచో ఒక పూట నష్టము. నమ్మదగినట్లు కనబడు తప్పు సంఖ్య బయటకు పోయినచో నష్టమును కొలుచుట కష్టము.

సరియైన మార్గమేమనగా, దినముల సంఖ్యను ఊహింపక ఫైలునే అడుగుట. ఫోర్‌ట్రాన్ 2003 ప్రమాణము నుండి ‘ఇంక్వయిర్’ అను ఆజ్ఞ ఫైలు పరిమాణమును చెప్పగలదు. దానిని 69,660 చేత భాగించినచో 365 యో, 366 యో తేలును. శేషము మిగిలినచో ఫైలే అసంపూర్ణమని అర్థము. అతిథుల తలలు లెక్కించి విస్తళ్ళు వేయుట అనగా ఇదియే. కేటాయించిన వెంటనే పట్టికనంతటిని ఒక గుర్తు సంఖ్యతో నింపుట కూడ మంచి అలవాటు. ఈ వర్షపాత ఫైళ్ళలో సమాచారము లేనిచోట −999 అని వ్రాసి ఉండును. అదే సంఖ్యను వాడవచ్చును. మొత్తము కట్టునప్పుడు ఆ సంఖ్యను విడిచిపెట్టవలెను.

ఋణసంఖ్య ఇచ్చిన సున్న

రెండవ చిక్కు పెద్ద పట్టికలలో కనబడును. 1901 నుండి 2020 వరకు 120 సంవత్సరములు. అందులో లీపు సంవత్సరములు 30. మొత్తము 43,830 దినములు. వీటన్నింటికిని 76,32,99,450 సంఖ్యలు, బైట్లలో 3,05,31,97,800. ఫైళ్ళన్నింటిని బైట్ల రూపమున ఒకే పట్టికలోనికి తెచ్చుటకు, ఈ బైట్ల సంఖ్యను ప్రోగ్రాములోనే గుణించి కేటాయింపు చేసెదమనుకొందము.

ఫోర్‌ట్రాన్‌లో మామూలు పూర్ణాంకమునకు సాధారణముగా 4 బైట్లు. అందులో పట్టు అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. కావలసిన సంఖ్య అంతకంటె పెద్దది. అంకెల మీటరు తిరిగి వెనుకకు వచ్చినట్లు, గుణకార ఫలము నుండి 4,29,49,67,296 తగ్గి, సాధారణముగా −1,24,17,69,496 అని మిగులును. ఇంతవరకు యంత్రము ఏ హెచ్చరికయు చేయదు.

ఇప్పుడు ఈ ఋణసంఖ్యను పరిమాణముగా ఇచ్చి ‘అలొకేట్’ అన్నచో తప్పు బయటపడునని ఎవరైనను తలంతురు. అట్లు జరుగదు. పై హద్దు క్రింది హద్దు కంటె తక్కువైనచో ఆ పట్టికలో గదులు సున్న అని ఫోర్‌ట్రాన్ నియమము. సున్న గదుల పట్టిక ఫోర్‌ట్రాన్‌లో ధర్మసమ్మతమైనదే. కేటాయింపు విజయవంతమైనదని యంత్రము చెప్పును. ఆ పట్టికలోనికి ఫైలును చదువుమన్నచో సున్న బైట్లు చదివి సంతృప్తి చెందును. మొత్తము కట్టుమన్నచో సున్న అనును. నూట ఇరువది సంవత్సరములు దేశమున చినుకైన పడలేదని తేలును! సున్న గనుక ఎవరైనను సందేహింతురు. లెక్క మరికొన్ని మెట్లు సాగిన పిమ్మట అట్టి తప్పును కనిపెట్టుట సులభము కాదు.

దీనికి 8 బైట్ల పూర్ణాంకమును వాడవలెను. కాని ఒక మెలకువ కలదు. ఫలితమును ఉంచు గదిని మాత్రమే పెద్దది చేసినచో చాలదు. గుణించు సంఖ్యలన్నియు చిన్న రకమువైనచో, గుణకారము చిన్న రకములోనే జరిగి, చెడిపోయిన ఫలితము పెద్ద గదిలోనికి పోవును. చిన్న చెంబుతో కొలిచి పొంగిపోయిన నీటిని పెద్ద బిందెలో పోసినంత మాత్రమున పోయిన నీరు తిరిగి రాదు. గుణకారమునకు ముందే అందులోని మొదటి సంఖ్యను 8 బైట్ల రకమునకు మార్చవలెను.

అడిగి వినకపోవుట

కేటాయింపు విఫలమైనదో లేదో తెలిసికొనుటకు ‘అలొకేట్’ ఆజ్ఞలో ‘స్టాట్’ అను భాగము కలదు. పని జరిగినచో అందు పేర్కొన్న పూర్ణాంకములోనికి సున్న వచ్చును. జరుగనిచో మరియొక సంఖ్య వచ్చును. ఫోర్‌ట్రాన్ 2003లో చేరిన ‘ఎర్ర్‌మెసేజ్’ అను భాగము కారణమును మాటలలో చెప్పును.

ఇక్కడ చాలమంది తెలియక పడు గోయి ఒకటి ఉన్నది. ‘స్టాట్’ వ్రాయనిచో, విఫలమైనప్పుడు ప్రోగ్రాము ఒక సందేశము నిచ్చి ఆగిపోవును. ‘స్టాట్’ వ్రాసినచో ఆగదు. ‘ఫలితము నీకు చెప్పితిని, ఇక నీ ఇష్టము’ అన్నట్లు తరువాతి ఆజ్ఞకు పోవును. కనుక ‘స్టాట్’ వ్రాసి దాని విలువను పరీక్షింపకపోవుట అసలు వ్రాయకపోవుట కంటె ప్రమాదకరము. చోటు లేని పట్టికలో విలువలు వ్రాయబోయి ప్రోగ్రాము మరియొకచోట కూలును.

‘స్టాట్’ సున్న అని చెప్పినను మెమరీ నిజముగా ఉన్నదని పూర్తిగా నమ్మరాదు. లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములు అడిగినప్పుడు చోటును వాగ్దానము మాత్రమే చేయును. ఆ గదులలో మొదటిసారి వ్రాసినప్పుడు నిజమైన మెమరీని సమకూర్చును. అందరికి ఇచ్చిన వాగ్దానములు కూడి ఉన్న మెమరీని మించినచో, ఏదో ఒక ప్రోగ్రామును బలవంతముగా ఆపివేయును. అప్పుడు తెరపై ‘కిల్డ్’ అను ఒక్క మాట తప్ప మరేమియు కనబడకపోవచ్చును. పై వర్షపాత పట్టికనే 8 బైట్ల వాస్తవసంఖ్యలలో ఉంచినచో 610 కోట్ల బైట్లు కావలెను. 8 గిగాబైట్ల కంప్యూటరులో అట్టి పట్టికలు రెండు పట్టవు. ఈ లెక్కను ప్రోగ్రాము నడుపుటకు ముందు కాగితముపై చేయుట అన్ని పరికరముల కంటె మేలు.

ఉపప్రోగ్రాములలో చిక్కులు

పెద్ద ప్రోగ్రామును ఉపప్రోగ్రాములుగా విభజించినప్పుడు మరి నాలుగు చిక్కులు తరచుగా వచ్చును.

మొదటిసారి పిలిచినప్పుడు చక్కగా నడచి, రెండవసారి పిలిచినప్పుడు కూలు ఉపప్రోగ్రాము ఒకటి. అందలి పట్టికను ‘సేవ్’ అని ప్రకటించి యుండవచ్చును. అట్టి పట్టిక ఉపప్రోగ్రాము ముగిసినను చోటును విడువదు. రెండవసారి ‘అలొకేట్’ అన్నప్పుడు ‘ఇదివరకే కేటాయించితిమి’ అను లోపము వచ్చును. కేటాయించుటకు ముందు ‘అలొకేటెడ్’ అను ప్రమేయముతో అడిగినచో, చోటు ఉన్నదో లేదో తెలియును. ‘సేవ్’ లేని స్థానిక పట్టికలు ఫోర్‌ట్రాన్ 95 నుండి ఉపప్రోగ్రాము ముగియగానే వాటంతట అవే విడుదలగును.

‘పాయింటరు’ రకపు పట్టికలకు ఈ సదుపాయము లేదు. వాటికి చోటు తీసికొని విడువకయే మరల మరల తీసికొనినచో, పాతచోటు ఎవరికిని అందక నిలిచిపోవును. ప్రోగ్రాము గంటల తరబడి నడచి, మెమరీ హరించుకొని పోయి, చివరకు కూలును. అవసరము లేనిదే పాయింటరు వాడక అలొకేటబుల్ వాడుట ఉత్తమము.

మూడవది, ఉపప్రోగ్రాములోనికి ప్రవేశింపగానే, మొదటి పంక్తి నడువకముందే కూలుట. పరిమాణమును బయటి నుండి తీసికొని, అలొకేటబుల్ కాకుండ ప్రకటించిన స్థానిక పట్టికలను కొన్ని కంపైలర్లు ‘స్టాక్’ అను చిన్న చోటులో ఉంచును. లినక్స్‌లో దీని పరిమితి సాధారణముగా 8 మెగాబైట్లు. ఒక్క సంవత్సరపు వర్షపాత పట్టికయే 25 మెగాబైట్లు. కంప్యూటరులో మెమరీ ఎంత ఉన్నను ఈ చిన్న అరలో పట్టదు. ఆ పట్టికను అలొకేటబుల్‌గా మార్చినచో చిక్కు తీరును.

నాలుగవది, అలొకేటబుల్ పట్టికను ఉపప్రోగ్రామునకు అందించి, అందులో కేటాయించుట. ఇది ఫోర్‌ట్రాన్ 2003 కల్పించిన సౌకర్యము. పిలుచువానికి ఆ ఉపప్రోగ్రాము స్వరూపము స్పష్టముగా తెలిసి యుండవలెను. లేనిచో ఒకరు పట్టిక వివరములు గల చీటీని అందింపవలసినచోట మరొకరు పట్టికనే అందింతురు. ఉపప్రోగ్రామును ‘మాడ్యూల్’లో ఉంచినచో ఈ పొరపాటును కంపైలరే పట్టుకొనును.

వెదకు క్రమము

ప్రోగ్రాము కూలినప్పుడు కనబడిన పంక్తిని దిద్దుటకు తొందరపడరాదు. ఈ క్రమమున వెదకుట మేలు.

1. పట్టికకు కావలసిన బైట్లను కాగితముపై గుణించి, యంత్రపు మెమరీతో పోల్చవలెను.

2. ‘అలొకేట్’కు ముందు పరిమాణములను ముద్రింపవలెను. సున్న గాని, ఋణసంఖ్య గాని ఉన్నచో అక్కడనే ఆపవలెను.

3. ప్రతి ‘స్టాట్’ విలువను పరీక్షింపవలెను.

4. హద్దుల పరీక్షను చేర్చి మరల కంపైలు చేయవలెను. ఉచితముగా లభించు జీఫోర్‌ట్రాన్ కంపైలరులో ‘-ఎఫ్‌చెక్=ఆల్’ అను సూచన ఈ పని చేయును. పై ఉదాహరణములో, మూడవ దిక్కున 366 అను సూచిక 365 అను పై హద్దును దాటినదని అది చెప్పును. ‘-జీ’ అను సూచనను కూడ చేర్చినచో తప్పిన పంక్తిని వెదకుట సులభమగును.

5. అప్పటికిని తెలియనిచో వాల్‌గ్రైండ్ అను పరికరముతో నడుపవలెను. విలువ నింపని గదులను బట్టి ప్రోగ్రాము నిర్ణయములు చేయుటను, విడువని చోటును అది చూపును. కాని ప్రోగ్రాము చాల నెమ్మదిగా నడచును. కనుక చిన్న పట్టికతో పరీక్షించుట మంచిది.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచో ఈ విషయమును పది పంక్తుల ప్రోగ్రాముతో చూపవచ్చును. ఒక పట్టికకు −5 పరిమాణమిచ్చి కేటాయింపుమని విద్యార్థులను అడుగవలెను. ‘స్టాట్’ విలువ ఎంత, పట్టిక పరిమాణము ఎంత, మొత్తము ఎంత అను మూడింటిని ముద్రింపజేయవలెను. మూడును సున్నలే వచ్చును. మొదటి సున్నకు ‘తప్పు జరుగలేదు’ అని అర్థము. రెండవ సున్నకు ‘చోటే లేదు’ అని అర్థము. మూడవ సున్న ఆ రెండింటిని ఎరుగక చేసిన లెక్క. ఈ మూడు సున్నల భేదమును గ్రహించిన విద్యార్థి, యంత్రము చెప్పిన ‘సరే’ అను మాటను మరల ప్రశ్నింపక నమ్మడు.